ఒక ఇంగ్లీషు మాట పుట్టినిల్లు

ప్రసంగమునకు వ్యవధి కొలదియే గనుక పీఠిక పెంచక విషయమునకు వచ్చెదను. ఇంగ్లీషు వారి నిఘంటువులలో ‘బాండికూట్’ అను మాట యొకటి కలదు. లండనులో చదువుకొన్నవానికిని, ఆస్ట్రేలియాలో గొఱ్ఱెలు కాచువానికిని, అమెరికాలో యంత్రపు టాటలతో ప్రొద్దుపుచ్చు పిల్లవానికిని ఈ మాట తెలియును. దీని పుట్టినిల్లు మన తెలుగుపొలము. ఇది మన పందికొక్కు.

మీకు నవ్వు వచ్చి యుండును. మన మాటలు ఇంగ్లీషులో చేరినవని చెప్పునపుడు గురువు, పండితుడు, అవతారము, కర్మము అని పెద్ద పెద్ద సంస్కృతశబ్దములను సభలలో ఎత్తి చూపుట మనకు పరిపాటి. పందికొక్కును ఎవరును సభకు తేరు. ఒకప్పుడు నేనును నవ్వినవాడనే. ఆ సంగతి మొదట చెప్పవలెను.

ముప్పదియేండ్ల క్రిందటి మాట. బడంగుపేటకు సమీపముననే ఒక పాఠశాలలో నేను తెలుగు చెప్పుచుంటిని. ఒకనాడు ఇంగ్లీషు ఉపాధ్యాయుడు రాలేదు. ఆ తరగతియు నాకే అప్పగింపబడినది. ఆస్ట్రేలియా దేశపు జంతువులను గూర్చిన పాఠము. అందు ‘బాండికూట్’ అను పదము వచ్చినది. అర్థమేమని అడుగగా, వెనుక వరుసలోని పిల్లవా డొకడు లేచి, “సార్, గిది మన పందికొక్కే గద సార్” అనెను. వాని తలిదండ్రులు కోతలైన పిదప పొలములలో కలుగులు త్రవ్వి, పందికొక్కులు దాచిన వెన్నులను ఏరుకొని దినములు గడుపువారు. తరగతి యంతయు ఘొల్లున నవ్వినది. నేను నవ్వు నాపవలసినవాడనై యుండియు, “ఇంగ్లీషోళ్లకు మాటలు దొరకక నీ పందికొక్కును ఎత్కపోయిండ్రా?” అని యింకొకమారు నవ్వించితిని. వాడు తల వంచుకొని కూర్చుండెను. ఆ యేడే వాడు చదువు మానెను. మానినది ఇంటి యిబ్బందిచేతనే గాని నా మాటచేత గాదు. అయినను ఆ వంచిన తల నాకు మఱపునకు రాలేదు.

కొన్నేండ్లకు హైదరాబాదులో అఫ్జల్‌గంజు గ్రంథాలయమునకు వేఱొక పనిపై పోయి, లావుపాటి పాతపుస్తకము నొకదానిని త్రిప్పుచుండగా పందికొక్కు నా కంటబడినది. ఆ పుస్తకము పేరు ‘హాబ్సన్ జాబ్సన్’. 1886లో లండనున అచ్చైనది. హిందూదేశములో కాపురమున్న ఇంగ్లీషువారు తమ భాషలో కలుపుకొన్న దేశీయపదముల కోశ మది. దానిని కూర్చినవా రిరువురు: కర్నల్ హెన్రీ యూల్ ఒకరు, మదరాసు ప్రభుత్వములో న్యాయాధిపతిగా నుండి సంస్కృతమును, మన దక్షిణదేశపు ప్రాచీనలిపులను పరిశోధించిన బర్నెల్ ఒకరు. బర్నెల్ పుస్తకము వెలువడక మునుపే, 1882లో కాలధర్మము నొందెను. అందులో బాండికూట్ అను పదమునకు మూలము తెలుగు పందికొక్కు అనియు, దాని యర్థము పందియెలుక అనియు స్పష్టముగా నున్నది. ఆ పుట ముందర నేను పిల్లవానివలె నిలువబడితిని.

ఆ కోశము పేరునందే ఒక వింత యున్నది. పీర్లపండుగనాడు మన యూళ్లలో “యా హసన్, యా హుసేన్” అని గుండెలు బాదుకొని పిలుచుట మీరెఱుగుదురు. ఆ పిలుపు ఇంగ్లీషు సిపాయిల చెవులలో బడి, వారికి అలవాటైన రెండు ఇంటిపేరులుగా మాఱి, హాబ్సన్ జాబ్సన్ ఐనది. పరదేశి చెవి తెలియని ధ్వనిని తెలిసిన ధ్వనిగా మలచుకొనును. పందికొక్కునకు పట్టిన గతియు అట్టిదే.

వైయాకరణుడు దీనిని చూచినచో ఊరకుండడు. ప-కారము బ-కార మెట్లయినది? మన వ్యాకరణములో ద్రుతప్రకృతికముల మీది పరుషములు సరళము లగునని చిన్నయసూరి చెప్పెను. పొలమునన్ అను దానిపై పందికొక్కు వచ్చినచో పొలమునం బందికొక్కు అగును. ఇంగ్లీషువారు బాలవ్యాకరణము చదువకయే సరళాదేశము చేసిరని నేను వేడుకకు అనుచుందును. అసలు కారణము వేఱు. ఇంగ్లీషువారు పదాదిని ప-కారమును పలుకునపుడు కొంత ఊపిరి కలిపి, ఫ-కారపు ఛాయతో పలుకుదురు. ఊపిరి లేని మన తేట ప-కారము వారి చెవికి బ-కారమువలె తోచును. చివరి ఉ-కారము వారి నాలుకకు నిలువదు, జారిపోయినది. కొక్కులోని ద్విత్వము చెడి, తుదకు ట-కారము వచ్చి చేరినది. పంది బండియై, కొక్కు కూటైనది.

పంది అను మాట మనకు సంస్కృతమునుండి వచ్చినది కాదు. తమిళులు పన్ఱి యనియు, మలయాళులు పన్ని యనియు, కన్నడిగులు ప-కారమును హ-కారము చేసి హంది యనియు అందురు. ఇది అచ్చమైన దేశ్యము. తెలుగు, తమిళము, కన్నడము సంస్కృతపుత్రికలు కావనియు, వీనికి వేఱొక మూలము కలదనియు మొట్టమొదట అచ్చులో నిరూపించిన ఎల్లిస్ దొర వ్యాసము 1816లో వెలువడినది. అది కాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణమునకు ఉపోద్ఘాతముగా చేర్పబడినది. ఆ వ్యాకరణము పేరులోనే ‘జెంటూ అని వాడుకలో నున్న తెలుగు భాష’ అను నర్థము కలదు. క్రైస్తవులు గానివారిని పోర్చుగీసువారు జెంతియు అనెడివారు. దాని నుండి ఇంగ్లీషువారు మన భాషకు జెంటూ అని పేరు పెట్టిరి. మన భాషను మన పేరుతో పిలువనివారు మన పందికొక్కును మాత్రము మన పేరుతోనే పిలిచిరి.

కొక్కు అన్నను మనకు ఎలుకయే. వినాయకుని ఎలుకరౌతనుటయు కొక్కురౌతనుటయు కలదు. దానికి పంది యేల తగిలినదో పొలములో నిలిచి చూచినవానికి చెప్పనక్కఱలేదు. పెద్దజాతి పందికొక్కు తోక విడిచియే మూరెడు దరిదాపున నుండును. కిలో వరకు తూగును. ఒడలిపై వెండ్రుకలు బిరుసు. కోపము వచ్చిన ఆ వెండ్రుకలు నిక్కబొడుచుకొని, గుఱ్ఱుగుఱ్ఱుమని పందివలె రొప్పును. చిన్నజాతిది మాగాణికి శత్రువు. గట్లలో కలుగు చేసికొని, వరి పాలుపోసికొని గట్టిపడు వేళ వెన్నులను కొఱికి లోపలికి ఈడ్చుకొనిపోయి అరలలో పేర్చును. గట్టుకు గండి పడి నీరు పోవుట ఒక నష్టము, వెన్ను పోవుట ఇంకొక నష్టము. ఆ వెన్నులను త్రవ్వి తీసికొనుటకు పేదవారికి రైతులు అడ్డు చెప్పెడివారు కారు. త్రవ్వినవానికి తిండి, రైతునకు పీడ వదలుట, రెండును సమకూడెడివి.

సంస్కృతమున ఈ జాతికి గల పేరులు రెండు చూడుడు. మూషికము అనగా దొంగిలించునది; ముష్ అను ధాతువు దొంగతనమును తెల్పును. ఆఖువు అనగా త్రవ్వునది. అమరుడు ఈ రెంటిని ప్రక్కప్రక్కనే చెప్పెను. ఒకటి రైతు పెట్టిన పేరువలెను, రెండవది కలుగు త్రవ్వువాడు పెట్టిన పేరువలెను నాకు తోచును. ఇంగ్లీషులోని మౌస్ అను మాట మూషికమునకు దాయాది. సంస్కృతమును, గ్రీకు లాటిను భాషలును ఒకే మూలమునుండి పుట్టి యుండునని 1786లో కలకత్తాలో విలియం జోన్సు చెప్పిన మాటకు ఇట్టి పదములే ఆధారములు. కాని మౌస్ మన యింటినుండి పోయినది కాదు. ఇరుపక్షములకు తాతలనాటి సొమ్ము. బాండికూటో, తెలుగువాని నోటినుండి నేరుగా అందుకొన్న సొమ్ము. భాషాచరిత్రలో ఈ రెండును వేఱు వేఱు. దాయాదిత్వమును అరువును కలగాపులగము చేసి, ప్రపంచములోని మాటలన్నియు మనవేయని చెప్పువారు ఈనాడు పెక్కుమంది. వారి మాట నమ్మకుడు.

తెలుగు నుండియే పోయినదనుటకు నిదర్శన మేమి? ఇరుగుపొరుగును విచారింపుడు. తమిళులు దీనిని పెరుచ్చాళి యందురు. కన్నడిగులు హెగ్గణ మందురు. హిందీ ఉర్దూలలో దీనికి ఘూస్ అని పేరు. ఈ మాటలలో నేదియు బాండికూట్ కాజాలదు. ప్రసంగవశమున ఒక మాట: ఉర్దూలో ఘూస్ అనగా లంచము కూడ. దఫ్తరులు చూచిన మన పెద్దలకు ఆ పోలిక విడమరచి చెప్ప నక్కఱలేదు.

మఱి ఏ దారిని పోయినది? 1611లో ఇంగ్లీషు కంపెనీవారి ఓడ మన తీరమునకు వచ్చి, నిజాంపట్నమునను మచిలీబందరునను వర్తకము ప్రారంభించినది. మదరాసులో వారు కోట కట్టుటకు పూనుకొన్నది 1639 తరువాతి మాట. బందరు గోలకొండ సుల్తానుల రేవు. గోలకొండనుండి బందరునకు పోవు బాట మన హయాతునగరు మీదుగనే సాగినది. బండ్లు, ఎద్దులు, అద్దకపు బట్టలు ఆ దారిని రేవునకు దిగెడివి. అక్కడి కొఠార్లలో ఇంగ్లీషువాని క్రింద పనిచేసినవారు, దుబాసీలు, హమాలీలు తెలుగువారు. బట్టల మూటలు ధాన్యపు బస్తాలు కొఱికిన జంతువు పేరేమని దొర యడిగిన, వారు చెప్పగలిగిన మాట ఒక్కటే. ఆ కొఠారునకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న పేరు గోడౌన్. అదియు మన గిడ్డంగి, తమిళుల కిడంగు, మలయివారి గుదాంగు అను మాటల కుటుంబములోనిదే. గిడ్డంగియు, దానిని కన్నము వేయు పందికొక్కును రెండును ఇంగ్లీషున చేరినవి. పందికొక్కు పగవాడు ముంగిస కూడ మరాఠీ ముంగూసు గుండా పోయి మంగూస్ అయినదనిన, ఆ కథకు కొదువ యేమి?

అచ్చులో దీని జాడ 1789లో దొరకుచున్నది. హైదరాలీతోడి యుద్ధములో నుండిన ఇన్నెస్ మన్రో అను సైనికుడు చోళమండల తీరపు యుద్ధవృత్తాంతము నొకదానిని ఆ యేట ప్రకటించెను. అందు బాండికూట్ అను జంతువు మిక్కిలి ఉపద్రవకారి యనియు, దాని కంపు భరింపరానిదనియు వ్రాసినాడు. ఆయన పొరబడినాడు. కంపు కొట్టునది చుంచు, పందికొక్కు కాదు. మాట దొరికినది గాని జంతువు సరిగా దొరకలేదు. కలుగు త్రవ్వువాని నడిగిన ఆ పొరబాటు రాకపోవును.

ఇంగ్లీషువారికంటె చాల ముందే పరదేశి యొకడు మన దక్కనులోని ఈ జంతువును వర్ణించెను. 14వ శతాబ్దిలో మొరాకో దేశమునుండి వచ్చిన ఇబ్న్ బతూతా దేవగిరి దుర్గములోని చెఱను గూర్చి చెప్పుచు, అందలి ఎలుకలు పిల్లులకంటె పెద్దవనియు, పిల్లులే వానికి జడియుననియు వ్రాసెను. ఆ చెఱలో పడి బయటపడిన యొక సర్దారు, రాత్రులందు ఆ మూకతో పోరాడిన విధమును తానే ఆయనకు చెప్పెనట. హాబ్సన్ జాబ్సన్ కర్తలు ఈ వృత్తాంతమును పందికొక్కు క్రిందనే చేర్చిరి. ప్రకృతిశాస్త్రజ్ఞులును ఊరకుండలేదు. బ్రిటిషు మ్యూజియములోని జాన్ ఎడ్వర్డ్ గ్రే 1873లో ఈ జాతికి శాస్త్రనామమును ‘బాండికోటా’ అని పెట్టెను. జంతుశాస్త్రపు లాటినులో ఒక తెలుగు దేశ్యపదము ఆనాటినుండి నిలిచియున్నది. ఏ విద్వత్పరిషత్తునకు మనము అర్జీ పెట్టలేదు. మన కవుల పేరు లెవ్వియు దానికి తోడ్పడలేదు.

ఇక ఆస్ట్రేలియా. 1788లో ఇంగ్లీషువారు సిడ్నీలో వలస నెలకొల్పిరి. అక్కడి జంతువులను చూచి వారికి దిక్కు తోచలేదు. వేనికిని వారి భాషలో పేరులు లేవు. పొడుగుమూతితో నేలను గీరి పురుగులను తిను జంతువు నొకదానిని చూచి, 1799లో జార్జి బాస్ అను ఓడవైద్యుడు దానిని బాండికూట్ అనెను. హిందూదేశపు మాట అప్పటికే ఇంగ్లీషువారి నోట నానుచుండెనని దీనివలన తెలియుచున్నది. ఆ జంతువు ఎలుకయే కాదు. కంగారువలె పిల్లలను సంచిలో మోయు జాతిది. ధాన్యము దోచదు, గాదెల జోలికి రాదు. అయినను ముక్కు పొడుగు, త్రవ్వు స్వభావము చూచి మన పేరు దానికి తగిలించిరి. అందులో ఒక జాతికి కాళ్లు పందిగిట్టలవలె నుండెడివి. దానిని ‘పందికాళ్ల బాండికూట్’ అనిరి. బాండికూటులో పంది ముందే యున్నదని ఎఱుగక, ముందర ఇంకొక పందిని కట్టిరి. పాప మా జంతువు నేడు లేదు. 1901లో చిక్కినదే దాని తుది నమూనా; జాతి నశించినది.

పేరు చేరిన పిదప అర్థములు మొలచినవి. ఆస్ట్రేలియావారు బాండికూటును క్రియాపదముగా గూడ వాడుదురు. పరుల తోటలో మొక్కను పెఱుకక, ఆకులు పైన నిలిచినవి నిలిచినట్లే ఉండగా, క్రింద చేయి దూర్చి ఉర్లగడ్డలను మాత్రము తవ్వుకొనిపోవుటకు అది పేరు. తోటయజమాని పచ్చని ఆకులను చూచి సంతోషించుచుండును. అడుగున గడ్డ యుండదు. ఈ యర్థము మన పొలములో పుట్టిన యర్థమునకు ఎంత దగ్గఱ! ఇందుకు సరిగా ఎదురైన యర్థము ఇంకొకటి. ‘బాండికూటువలె దీనుడు’ అని అక్కడివారి నానుడి. మనము పందికొక్కువలె మెక్కినాడని బలిసినవానిని తిట్టుదుము. వారు తిండిలేక కృశించినవానిని అట్లందురు. దోచుకొనువానికిని, ఆకటివానికిని ఒకే పేరు. కోతలైన పిదప కలుగు దగ్గఱ గడ్డపారతో కూర్చున్నవానిని తలచుకొన్నపుడు, ఆ రెండర్థములును ఒక్క గట్టు మీదనే నాకు కనబడును.

మాట మరల హిందూదేశమునకును వచ్చినది. 1996లో అమెరికావారు ‘క్రాష్ బాండికూట్’ అను నొక యంత్రపుటాటను తయారుచేసిరి. మా మనుమలు దానినే ఆడిరి. అంతకంటె గణింపదగినది 2018 నాటి సంగతి. కేరళలో తిరువనంతపురమున కొందఱు యువకులు మురుగు బావులలోనికి దిగి పూడిక తీయు యంత్రము నొకదానిని నిర్మించి, దానికి బాండికూట్ అని పేరు పెట్టిరి. మురుగులోనికి మనుష్యుని దింపరాదని 2013లో చట్టమైనది. చట్టమైన పిదపను మనుష్యులు దిగుచునే యున్నారు, విషవాయువులచే మరణించుచునే యున్నారు. మనిషి దిగవలసిన గోతిలో బాండికూట్ దిగును. పందికొక్కు తెలుగు మాటయని ఆ యువకు లెఱిగిరో లేదో నే నడుగలేదు. ఆ పేరు ఆ యంత్రమునకు తగినదని మాత్రము చెప్పగలను.

ఒక పాతసంగతి జ్ఞప్తికి తెచ్చెదను. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార సభ జరిగినది. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను సభ్యులు ఓపికతో వినిరి. అల్లంపల్లి వేంకటరామారావు అను న్యాయవాది తెలుగున ప్రసంగింప లేచినంతనే గేలిచేసి, అల్లరి చేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే తెలుగువారు కొందఱు కూడి ఆంధ్రజనసంఘమునకు పునాది వేసిరి. మాడపాటి హనుమంతరావు మొదలగువారు గ్రంథాలయములు, పాఠశాలలు నెలకొల్పుటకు ఆ యవమానము ప్రేరకమైనది. ఈ కథను నేను ముప్పదియేండ్లు తరగతులలో ఆవేశముతో చెప్పితిని. వెనుక వరుసలోని పిల్లవాడు తెలుగున నిజము చెప్పినపుడు గేలిచేసినవారి వరుసలో నేనే కూర్చుంటిని.

గ్రంథాలయమునుండి వచ్చిన పిదప వాని కొఱకు విచారించితిని. చాలకాలము ఆచూకీ దొరకలేదు. బడంగుపేట పొలములు ప్లాట్లై, గట్లు పోయి గోడలు లేచినవి. గట్లు పోయినను పందికొక్కులు పోలేదు. మోరీలలోను, ఇండ్ల పునాదులక్రిందను కాపురము పెట్టినవి. పోయిన యేడు మా వీధిలో ఒక యింటి పునాది పని జరుగుచుండగా మేస్త్రీ యొకడు నన్ను చూచి చేతులు జోడించెను. తల నెరసినది, గుర్తుపట్టలేకపోతిని. వాడే తన పేరు చెప్పెను. అక్కడనే యిసుకకుప్ప మీద కూర్చుండి, హాబ్సన్ జాబ్సన్ మొదలుకొని ఆస్ట్రేలియావరకు జరిగిన కథ యంతయు వానికి చెప్పి, “నీవు చెప్పినదే నిజము, నేను చెప్పినది తప్పు” అంటిని.

వాడు తాపీ ప్రక్కన పెట్టి, తలగుడ్డతో చేతులు తుడుచుకొని నవ్వెను. “గప్పుడే చెప్పిన గద సార్” అనెను.